విత్తనం మొలిచింది, పంట రాలేదు

మాది రంగారెడ్డి జిల్లా, చేవెళ్ల వైపు ఒక ఊరు. ఎర్ర నేల, బోరు నీళ్లు. వానాకాలం పంట ఎలా ఉన్నా, దసరా అటూఇటూగా నాటే కూరగాయల మీదే మా ఇంటి ఏడాది ఖర్చు నడుస్తుంది. ఆ ఏడు మహిళా సంఘంలో లోను తీసుకుని ఎకరంన్నరలో గోబీ పెట్టాం. ఎకరానికి పదిహేను వేల మొక్కల దాకా పడుతుంది. హైబ్రిడ్ విత్తనం గ్రాముల లెక్కన అమ్ముతారు, ధర మాత్రం బంగారం కొన్నట్టే ఉంటుంది.

చలి ముదిరాక పువ్వు కట్టే మధ్యకాలం రకమే కావాలని దుకాణంలో ఒకటికి రెండుసార్లు చెప్పాను. "అక్కా, ఈ చలికి ఇదే సెట్ అయితది, మీ దిక్కోళ్లంత ఇదే తీసుకపోతున్నరు" అంటూ దుకాణాయన ప్యాకెట్లు చేతిలో పెట్టాడు. వాటి మీద రకం పేరు, లాట్ నంబరు, మొలక పరీక్ష చేసిన తేదీ, అన్నీ ఉన్నాయి. బిల్లు అడిగితే ముఖం చిట్లించాడు, అయినా రాయించుకున్నాను.

నర్సరీ ట్రేలలో గుంటకొక గింజ వేస్తే దాదాపు ప్రతి గుంటలోనూ మొలిచింది. చట్టం ప్రకారం గోబీకి నూటికి 65 మొలిస్తే చాలు. మాది అంతకన్నా చాలా ఎక్కువే మొలిచింది. ఇరవై అయిదు రోజుల లేత నారు నాటాం.

నాటి నెల తిరగకముందే ఒక పొద్దున కలుపు తీస్తూ ఒక మొక్క నడిమి ఆకులు విప్పి చూశాను. అడుగున గోళీ అంత తెల్లటి గడ్డ. మొక్కకు ఆరేడు ఆకులు కూడా సరిగ్గా రాలేదు, జానెడు ఎత్తు లేదు. పక్క మొక్క విప్పాను, అందులోనూ అంతే. ఆ సాలు చివరిదాకా విప్పుకుంటూ పోయాను. అన్నీ అంతే. పది రోజుల్లో ఆ గడ్డలు రూపాయి బిళ్ల దాటకుండానే పసుపెక్కి విచ్చిపోయాయి. మార్కెట్‌కు కాదు కదా, ఇంట్లో కూరకు కూడా పనికిరాలేదు.

దుకాణాయన ముందు బోరాన్ తక్కువైందన్నాడు. తర్వాత నీళ్లు ఎక్కువయ్యాయన్నాడు. ఆఖరుకు నారు ముదిరిపోయిందన్నాడు. ముదురు నారు నాటినా, నత్రజని చాలకపోయినా గోబీ ఇలా గుండీలంత పూలు కట్టే మాట నిజమే. కానీ మా తోటికోడలి చెలక మా గట్టు పక్కనే ఉంది. అదే నర్సరీ, నారు పోసింది అదే రోజు, వేసింది అదే ఎరువు. ప్యాకెట్టు ఒక్కటే వేరు. ఆమె చేలో మొక్కలు మోకాలెత్తు ఆకుతో నిలబడ్డాయి. హార్టికల్చర్ ఆఫీసరును పిలిపించి రెండు చేలూ చూపించాను. ఇది తొందర రకమని, ప్యాకెట్టు మీద ఉన్న రకం కాదని ఆయన రాసిచ్చాడు.

గోబీలో రకాన్ని బట్టి పువ్వు కట్టడానికి కావలసిన చలి మారుతుంది. వేడిలోనే పువ్వు కట్టే తొందర రకాన్ని ఆలస్యంగా, చలి మొదలయ్యేటప్పుడు నాటితే మొక్క ఎదగకుండానే పువ్వుకు పోతుంది. బాగా చలి కావలసిన ఆలస్యపు రకాన్ని వేడిలో పెడితే ఆకే పెరుగుతుంది గానీ పువ్వు రాదు. తడి గుడ్డలో గింజలు మూటకట్టి చూస్తే మొలక తెలుస్తుంది, రకం తెలియదు. అది పండించి చూస్తేనే బయటపడుతుంది. అప్పటికి చలి పోతుంది, లోను వాయిదా వస్తుంది. ఎరువు తప్పితే మళ్లీ వేసుకోవచ్చు. కాలం తప్పితే ఎవరు తెచ్చిస్తారు?

కంపెనీ మనిషి వచ్చి విత్తనం పైసలు వాపసు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. దున్నకం, డ్రిప్పు, కూలి, ఎరువు, ఒక సీజను రాబడి పోయాక ప్యాకెట్ల ధర నాకెందుకు? పెట్టలేదు. అప్పుడే చట్టం సంగతి తెలిసింది. 1966 నాటి విత్తన చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 500 రూపాయల దాకానే. రైతుకు నష్టపరిహారం ఇప్పించే మాటే అందులో లేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ఆ కేసు గెలిచింది మన తెలుగు రైతులే. కొన్న సరుకు విలువ అయిదు లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. బిల్లు, ఖాళీ ప్యాకెట్లు, ఆఫీసరు కాగితం పట్టుకుని నేనూ వేశాను. కేసు ఇంకా నడుస్తోంది.

తర్వాతి ఏడు విత్తనం కోసం దుకాణాలకంటే ముందు చేల వెంట తిరిగాను. కిందటి ఏడు సరిగ్గా అదే నెలలో నాటి, నిండు పువ్వు కోసిన రైతుల దగ్గరికి వెళ్లి ఏ రకం, ఎక్కడ కొన్నారని అడిగాను. టమాటకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ వేశాను. ఆకుముడత వైరస్‌నూ ఎండు తెగులునూ తట్టుకునే రకమది. గోబీకి ప్రైవేటు హైబ్రిడ్డే తీసుకున్నాను గానీ, చేను మొత్తం ఒకే లాటు మీద పెట్టడం మానేశాను. ఇప్పుడు నేను కొనే దుకాణాయన తక్కువకేమీ ఇవ్వడు. అడగకుండానే బిల్లు మీద లాట్ నంబరు రాస్తాడు, పంట మీద ఫిర్యాదు చెబితే చేలోకి వస్తాడు. నాకు అదే పెద్ద హామీ.

ఈ దసరాకు విత్తనం కొనేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. రకం పేరు, లాట్ నంబరు బిల్లు మీద రాయించుకోండి. నాలుగు గింజలతో సహా ఖాళీ ప్యాకెట్టును కోత అయ్యేదాకా ఇంట్లో దాచండి. రాయనన్న దుకాణంలో, ఎంత తక్కువకిచ్చినా, కొనకండి.