స్వహస్తములతో వెల్ల

సంక్రాంతి సమీపించుచున్న ఈ దినములలో, సున్నపు గోడలకు స్వయముగా వెల్ల వేయ సంకల్పించిన మిత్రులకు నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

మొదట గోడ చెమ్మకు కారణమును కనిపెట్టి మాన్పవలెను. కారుచున్న గొట్టమును, పగిలిన పెంకును విడిచి పైపై తెలుపు పూసినచో, అది పెచ్చులుగా రాలక మానదు. పాత పొరలను రేకుతో గీకి, బీటలను సున్నమును ఇసుకయు కలిపిన ముద్దతో పూడ్చి, ఆరనిచ్చిన పిమ్మటనే కుంచె పట్టుట ఉచితము. రాతిసున్నమును నీటిలో వేయునప్పుడు సలసల మరుగును గావున, కన్నులకు అద్దములు, చేతులకు తొడుగులు తప్పనిసరి; పిల్లలను దూరముగ నుంచవలెను. రాత్రంతయు నానిన సున్నమును గుడ్డతో వడగట్టి, అంటుకొనుటకై కొంచెము తుమ్మబంకయు, తెలుపు మెరయుటకై చిటికెడు నీలిమందును కలిపి, గోడను ముందుగా తడిపి, పాలవలె పలుచగా పూయవలెను. పచ్చిగా నున్నప్పుడు పూత కానరాలేదని చిక్కగా పట్టింపరాదు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుచు, ఆరినకొలదిని తెల్లనగును. ఒక మందపు పూతకన్న మూడు పలుచని పూతలే మేలు.

కూలి మిగులుట స్వల్పలాభము. మన ఇంటి గోడను చేతితో తడిమి ఎరుగుట మహాలాభము. ఈ పండుగకు ఒక్క గోడకైనను మీరే వెల్ల వేయుడు.