తుడిచే ముందు దాచుకోవలసినవి



హాస్టల్ విద్యార్థి ఆస్తి ఎంత అని ఎవరైనా అడిగితే మన సీనియర్లు ట్రంకు పెట్టె చూపించేవారు. ప్లేటు, గ్లాసు, రెండు జతల బట్టలు, అడుగున పాత పేపరు పరిచి దాని కింద సర్టిఫికెట్లు. పైన ఒక తాళం. పెట్టె ఇప్పటికీ మంచం కిందే ఉంది. కానీ అందులో ఉండవలసినవి చాలావరకు ఫోన్‌లోకి మారిపోయాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఉపకార వేతనం దరఖాస్తు నంబరు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పరీక్షల ముందు ఫొటోలు తీసుకున్న నోట్సు అన్నీ అందులోనే. పెట్టెకు తాళం వేయడం మన ఇంట్లోవాళ్లు నేర్పారు. ఫోన్‌లో ఉన్నవి దాచుకోవడం నేర్పేవాళ్లు మన ఇళ్లలో లేరు. అది మనమే నేర్చుకుని, వెనక వచ్చేవాళ్లకు చెప్పాలి. మేము ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం అదే.

మేము నలుగురం పి.జి. చివరి సంవత్సరం వాళ్లం. ఇరవై మూడేళ్లవాళ్లం. నలుగురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. 2020లో కరోనా వచ్చి తరగతులు ఫోన్‌లోకి మారినప్పుడు మేము డిగ్రీలో చేరాం. పాఠం వినడానికి ఫోన్ లేక పక్కింటివాళ్ల గడప ముందు కూర్చున్నవాళ్లు మాలో ఇద్దరు ఉన్నారు. అందుకే 2023లో మేము పి.జి.లో చేరినప్పుడు, చదువు ముగించుకుని వెళ్తున్న ఒక అన్న తన పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను మా గదికి ఇచ్చి వెళ్తే, అది మాకు పెద్ద కానుక. అప్పటి నుంచి దాని పేరు ‘గది ఫోన్’. లైబ్రరీ పుస్తకాల పేజీలు ఫొటో తీయాలన్నా, సెమినార్ రికార్డు చేయాలన్నా అదే.

ఆ ఫోన్ రూట్ చేసి ఉంది. రూట్ అంటే ఏమిటో తెలియని తమ్ముళ్ల కోసం చెబుతాం. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లైనక్స్. లైనక్స్‌లో అన్నిటి మీదా అధికారం ఉన్న వాడుకరి పేరు రూట్. మామూలు ఫోన్‌లో ఆ అధికారం మనకు ఇవ్వరు. ఒక యాప్ దాచుకున్నది ఇంకొక యాప్‌కు కనపడదు, మనకూ కనపడదు. హాస్టల్‌లో మన గది తాళంచెవి మన దగ్గర ఉంటుంది, మొత్తం తాళాల గుత్తి వార్డెన్‌గారి దగ్గర ఉంటుంది కదా. రూట్ చేయడమంటే ఆ గుత్తి మన చేతికి రావడం. జాన్ వూ అనే ప్రోగ్రామర్ 2016లో విడుదల చేసిన మ్యాజిస్క్ అనే ఉచిత సాధనంతో ఎక్కువమంది ఈ పని చేస్తున్నారు. ఆ అన్న కూడా అదే వాడాడు. కంపెనీ ముందుగా నింపి పంపిన యాప్‌లు తీసేసి, ఉన్న కాస్త చోటు మిగుల్చుకోవడానికి అలా చేశానని చెప్పాడు.

ఈ ఏడాది మేము హాస్టల్ వదలాలి. ఫోన్‌ను ఎవరికి ఇవ్వాలో ఆలోచించే పని లేకుండా కింది గదిలోని డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడే వచ్చి అడిగాడు. “అన్నా, మీరు పోయేటప్పుడు గది ఫోన్ నాకిస్తరా? నా ఫోన్ల బ్యాటరీ ఉబ్బింది.” ఇస్తామన్నాం. అయితే ఉన్నది ఉన్నట్లుగా ఇవ్వలేం. అందులో మా నలుగురి మెయిళ్లు, ఫొటోలు ఉన్నాయి. పైగా రూట్ ఉన్నందువల్ల అతని బ్యాంకు యాప్ అందులో తెరుచుకోదు. ఉపకార వేతనం పడిందో లేదో చూసుకోవడానికే మళ్లీ ఇంకొకరి ఫోన్ అడగాల్సి వస్తుంది. కాబట్టి అంతా తుడిచి, రూట్ తీసి ఇవ్వాలనుకున్నాం.

అప్పుడు మా గదిలోని తెలుగు ఎం.ఏ. మిత్రుడు ఒక మాట అన్నాడు. “తుడవండి గానీ, మా నాయినమ్మ ఉంది దాన్ల.”

2023 బతుకమ్మ పండుగకు ఊరికి పోయినప్పుడు అతడు ఈ ఫోన్‌తోనే వాళ్ల నాయినమ్మ పాటలు రికార్డు చేశాడు. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, మధ్యమధ్య ఆమె దగ్గు, “ఇగ సాలు బిడ్డా” అనే మాట. మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. ఆమెకు రాత రాదు. ఆ పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్నది ఈ ఫోన్‌లో మాత్రమే. పైగా ఆ రికార్డింగ్ యాప్ పాతబడి, తెరవగానే మూసుకుపోతోంది.

అందుకని ముందుగా ఒక తెల్ల కాగితం తీసుకుని ఫోన్‌లో ఉన్నవాటిని రెండు భాగాలుగా రాశాం. పోతే మళ్లీ దొరికేవి ఒకవైపు, పోతే మళ్లీ దొరకనివి ఇంకొకవైపు. యాప్‌లు మళ్లీ దించుకోవచ్చు. డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు జారీ చేసిన పత్రాలు మళ్లీ తెచ్చుకోవచ్చు. యు.పి.ఐ. కొత్త ఫోన్‌లో సిమ్ వేసి మళ్లీ నమోదు చేసుకోవచ్చు. ఇవన్నీ ఎడమవైపు. మేము తీసిన ఫొటోలు, సంక్షిప్త సందేశాలు, ఫోన్‌లోనే దాచిన నంబర్లు, నాయినమ్మ పాటలు కుడివైపు. తమ్ముళ్లారా, బ్యాకప్ అనే పనిలో సగం ఈ కాగితమే. తక్కినది తీగ తగిలించి కాపీ చేయడం.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపితే కనపడేది ఫోన్ మొత్తం కాదు. కెమెరా ఫొటోలు, డౌన్‌లోడ్లు, పత్రాలు కనపడతాయి. వాట్సాప్ ఫోల్డర్ కూడా ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్‌లోని మీడియా అనే ఫోల్డర్‌లో ఉంటుంది, దాన్నీ కాపీ చేసుకోవచ్చు. అయితే ఆ బ్యాకప్ ఫైలుకు తాళం ఉంటుంది, అదే ఫోన్ నంబరుతో తిరిగి ప్రవేశిస్తేనే తెరుచుకుంటుంది. ఫోన్ నంబర్లన్నీ ఒకే ఫైలుగా బయటికి పంపే వీలు కాంటాక్ట్స్ యాప్‌లోనే ఉంది. కానీ ప్రతి యాప్‌కూ తన సొంత గది ఒకటి ఉంటుంది. అది కేబుల్‌కు చిక్కదు. మా మిత్రుడి రికార్డింగ్ యాప్ పాటలను సరిగ్గా అలాంటి గదిలోనే పెట్టింది. కంప్యూటర్‌లో ఎంత వెతికినా నాయినమ్మ కనపడలేదు. మా మిత్రుడు మాట్లాడడం మానేసి మంచం మీద కూర్చున్నాడు.

అక్కడ మాకు సాయం చేసింది రూటే. తాళాల గుత్తి మన దగ్గర ఉంటే ఏ గది అయినా తెరవవచ్చు. రూట్ అధికారం ఇచ్చిన ఫైల్ మేనేజర్‌తో లోపలి డేటా ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆ యాప్ పేరు మీద ఉన్న ఫోల్డర్ తెరిస్తే పదకొండు ఫైళ్లు కనిపించాయి. వాటిని బయటి ఫోల్డర్‌లోకి కాపీ చేశాం. మామూలు ఫోన్ అయితే ఇది సాధ్యమయ్యేది కాదు. రూట్ ఉన్న ఫోన్లలో యాప్‌ల లోపలి డేటాను యాప్‌తో సహా దాచిపెట్టే నియో బ్యాకప్ వంటి ఉచిత సాధనాలు కూడా ఉన్నాయి.

రూట్ ఫోన్లు వాడేవారిలో చాలామంది టి.డబ్ల్యు.ఆర్.పి. అనే రికవరీ సాధనంతో మొత్తం ఫోన్‌కు బ్యాకప్ తీస్తారు. అది మంచిదే, కానీ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, అందులో డేటా అని తీసే బ్యాకప్‌లోకి ఫోన్ లోపలి స్టోరేజీలోని ఫొటోలు, పాటలు రావు. వాటిని విడిగా కాపీ చేసుకోవాలి. రెండోది, మెమరీ కార్డు లేకపోతే ఆ బ్యాకప్ ఫైలు ఫోన్ లోపలే చేరుతుంది. తర్వాత సెట్టింగుల్లోకి వెళ్లి ఫ్యాక్టరీ రీసెట్ నొక్కితే ఫోన్‌తోపాటు బ్యాకప్ కూడా పోతుంది. గది తగలబడుతుందని భయపడి, విలువైన వస్తువులన్నీ అదే గదిలోని పెట్టెలో పెట్టి తాళం వేసినట్లన్నమాట. బ్యాకప్ ఎప్పుడూ ఫోన్ బయట ఉండాలి.

మేము అన్నిటినీ డిపార్ట్‌మెంట్ మిత్రుడి లాప్‌టాప్‌లోకి ఒకసారి, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకొకసారి ఎక్కించాం. నాయినమ్మ పాటలను మూడోసారి గూగుల్ డ్రైవ్‌లో పెట్టాం. అక్కడ ఉచితంగా ఇచ్చేది 15 జి.బి. మాత్రమే. మెయిలు, ఫొటోలు, డ్రైవ్ మూడింటికీ కలిపి అంతే. ఫొటోలను లెక్క లేకుండా ఉచితంగా ఉంచుకునే వీలు 2021 జూన్ 1తో ముగిసింది. కాబట్టి ‘అంతా గూగుల్‌లో ఉందిలే’ అనుకోకుండా ఒకసారి లోపలికి వెళ్లి చూసుకోవాలి.

కాపీ చేశాక వెంటనే తుడవలేదు. ఫైళ్ల సంఖ్య, పరిమాణం రెండు చోట్లా సరిచూశాం. తర్వాత పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి పదకొండు పాటలూ మొదటి నుంచి చివరిదాకా విన్నాం. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనకూడదు. ఆ రాత్రి మా గదిలో భోజనం గంట కొట్టినా ఎవరూ లేవలేదు. తెలుగు ఎం.ఏ. వాడు పాటలు రాసుకుంటుంటే మేము ముగ్గురం అర్థం కాని మాటలు అడుగుతూ కూర్చున్నాం. కామాటి అన్న వచ్చి “ఎవరు బాబూ పాడేది, మా అమ్మ గూడ ఇట్లనే పాడేది” అని తలుపు దగ్గర నిలబడి విని వెళ్లాడు.

ఇక తుడవడం సంగతి. ఫ్యాక్టరీ రీసెట్ అనే పేరు విని ఫోన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి స్థితికి చేరుతుందని అందరూ అనుకుంటారు. అలా జరగదు. రీసెట్ తుడిచేది మన డేటా ఉన్న భాగాన్ని మాత్రమే. ఫోన్‌ను నడిపే భాగాల్లో ఎవరైనా మార్పు చేసి ఉంటే ఆ మార్పు అలాగే ఉంటుంది. మ్యాజిస్క్ కూర్చునేది ఫోన్ మొదలయ్యే బూట్ భాగంలో. అందువల్ల రీసెట్ చేసినా రూట్ పోదు. తెరిచి ఉన్న బూట్‌లోడర్ మూసుకోదు. రూట్ అంటే వేరు. కొమ్మలు నరికినంత మాత్రాన వేరు పోదు కదా. పాత ఫోన్ కొనేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి. కొత్తగా కనపడే రీసెట్ ఫోన్‌లో కూడా ఎవరి గుత్తి ఉందో తెలియదు.

కాబట్టి మేము వరుసగా చేసిన పని ఇది. ముందు ఫోన్‌లోని గూగుల్ ఖాతాలన్నీ తొలగించాం, స్క్రీన్ లాక్ తీసేశాం. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఒక రక్షణ ఉంది. ఖాతా తీయకుండా రికవరీ నుంచి రీసెట్ చేస్తే, పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగి ఫోన్ కదలనివ్వదు. దొంగల కోసం పెట్టిన తాళం తమ్ముడికి అడ్డు రాకూడదు. తర్వాత అదే మోడల్‌కు కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్ ద్వారా తిరిగి ఎక్కించాం. మోడల్ పేరులో తేడా వస్తే ఫోన్ ఇటుకరాయి అవుతుంది. అందుకే నలుగురం నాలుగుసార్లు చదివాం. అసలు సాఫ్ట్‌వేర్ సరిగా ఎక్కి ఫోన్ మామూలుగా మొదలైందని చూసుకున్న తర్వాతే బూట్‌లోడర్ మూశాం. మార్పులు మిగిలి ఉండగా మూస్తే ఫోన్ లేవకపోవచ్చు. మూసేటప్పుడు కూడా డేటా అంతా ఒకసారి తుడిచిపెట్టుకుపోతుంది. రూట్ చేయడం కోసం తెరిచినప్పుడూ అంతే.

తుడిచినది మళ్లీ తెప్పిస్తామని దుకాణాల్లో చెప్పే మాటలు నమ్మకండి. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, ఆ వెర్షన్‌తో మార్కెట్‌లోకి వచ్చే ఫోన్లన్నిటిలో డేటా రహస్య లిపిలో ఉండడం తప్పనిసరి. రీసెట్ చేస్తే దాన్ని విప్పే తాళంచెవి నాశనమవుతుంది. తర్వాత డబ్బులు పెట్టినా పాటలు రావు.

తమ్ముడికి ఫోన్ ఇచ్చిన రోజు అతని బ్యాంకు యాప్ తెరుచుకుంది. ఒక్క మాట చెప్పి ఇచ్చాం. “ఇది రూట్ తీసిన ఫోన్. నీకు రూట్ కావాలంటే నేర్చుకుని చేసుకో, తప్పు లేదు. కానీ అధికారం అడిగిన ప్రతి యాప్‌కూ ఇవ్వకు. గుత్తి ఇచ్చినవాడు అన్ని గదులూ చూస్తాడు.” అతడు తల ఊపి, మొదటి ఫొటోగా మా నలుగురినీ తీశాడు.

చదువుకున్న ఇళ్లలో తాతల ఉత్తరాలు, డైరీలు, పుస్తకాలు బీరువాల్లో ఉంటాయని వింటాం. మన తాతలు, నాయినమ్మలు రాయలేదు. వాళ్లు మాట్లాడారు, పాడారు, పని చేశారు. వాళ్ల గుర్తుగా మన దగ్గర ఉన్నది ఒక రేషన్ కార్డు ఫొటో, ఒక గొంతు, ఒక వీడియో. అవి ఈనాడు మన ఫోన్లలోనే ఉన్నాయి. మన వంశంలో మొదటి లైబ్రరీ అది. దాన్ని కాపాడడానికి కంప్యూటర్ డిగ్రీ అవసరం లేదు. ఒక కాగితం, ఒక కేబుల్, ఒక సాయంత్రం చాలు.

వచ్చే సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పెద్దవాళ్లను రెండు మాటలు మాట్లాడించండి. రికార్డు చేయండి. ఆ ఫైలు ఎక్కడ చేరిందో వెతికి చూడండి. ఫోన్‌లో ఒకటి, బయట రెండు ఉంచండి. నాయినమ్మ పాటలు రాసుకున్న నోటుబుక్కు, పెన్‌డ్రైవ్ కాపీ ఒకటి హాస్టల్ లైబ్రరీ బీరువాలో పెట్టి వెళ్తున్నాం. కావలసినవాళ్లు వినవచ్చు.