ఆ నవలెవరిదే?

ఆదుర్తి సుబ్బారావు గారు మా రాజమండ్రి మనిషని మా వూళ్ళో అందరికీ కాస్త గర్వం. అంచేత ఆ మధ్య ఆయన చిత్రాల మీద ఓ వ్యాసం రాసి ఓ పత్రికకి పంపాను. నా పేరుని రెండు పొడి అక్షరాలకి కుదించి మరీ పంపాను. ఎందుకంటారా? పూర్తి పేరుతో రాసినన్నాళ్ళూ నాకు దక్కినవి కథానాయికల చీరలూ, వాళ్ళింటి వంటలూనూ! దర్శకుల గురించి రాస్తానంటే "అవి మావాళ్ళు చూసుకుంటార్లెండి" అనేవారు. పొడి అక్షరాల వ్యాసాన్ని మాత్రం ఒక్క ముక్క కొట్టెయ్యకుండా అచ్చేశారు.

వారం తిరక్కుండా గౌతమీ గ్రంథాలయంలో ఓ పెద్దాయన ఆ పేజీ చూపించి, "ఎవడో కుర్రాడు, భలే రాశాడమ్మా" అన్నారు. రాసింది నేనేనండీ అన్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "మీ ఆయన సినిమాల్లో పనిచేస్తారా?" అని అడిగారు. నాకింకా పెళ్ళే కాలేదు మహాప్రభో!

ఉడుక్కుంటూ ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను. చిన్నప్పుడు అద్దె నవలలు దుప్పట్లో దాచుకుని చదివిన మనిషి కదా... నా వ్యాసం తీసి మళ్ళీ చదివింది. "'డాక్టర్ చక్రవర్తి' గురించి ఇంత రాశావు. ఆ నవలెవరిదే?" అంది.

నాకు నోట మాట రాలేదు.

నవల 'చక్రభ్రమణం'. రాసినావిడ కోడూరి కౌసల్యాదేవి. 1964లో నంది అవార్డులు మొదలైనప్పుడు తొలి బంగారు నంది ఆ చిత్రానికే వచ్చింది. అంతకు ముందేడు ఆదుర్తి గారే తీసిన 'చదువుకున్న అమ్మాయిలు'కి ఆధారం డాక్టర్ పి. శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు'. పాపం, ఆవిడ 1961లోనే పోయారు, తెర మీద చూసుకోనేలేదు. వరసగా రెండేళ్ళు, ఇద్దరు రచయిత్రులు! నా వ్యాసంలో పాటల గురించి వుంది, నటీనటుల గురించి వుంది. ఈ ఇద్దరి పేర్లే లేవు. తెలియక కాదు, తట్టక.

కౌసల్యాదేవి గారిదే 'ప్రేమనగర్'. తెలుగులో 1971లో, తమిళంలో 1972లో, హిందీలో 1974లో తెరకెక్కింది. మూడు చోట్లా హీరోలెవరో ఇట్టే చెప్పేస్తాం. కథెవరిదంటే బుర్ర గోక్కుంటాం.

విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో రచయిత్రుల పేరుకి గిరాకీ లేక కాదు. సీరియల్ కోసం పాఠకులు వారం వారం ఎదురుచూసేవారు. మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని రాసేవారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు 'ఇల్లాలి ముచ్చట్లు' రాసింది 'పురాణం సీత' పేరుతోనే కదా! అయితేనేం, గౌరవం దగ్గరికొచ్చేసరికి 'వంటింటి సాహిత్యం' అని ఒక్క మాటతో తేల్చేశారు. పేరు అమ్ముడుపోయింది గానీ పీట మాత్రం వెయ్యలేదు.

పెద్దాయన నాకు చేసిందే నేను ఆ ఇద్దరికీ చేశాను. ఆయనకి తెలియదు. నాకు తెలుసు. మరి ఎవరిది పెద్ద తప్పు?

ఆ రెండు పేర్లూ చేర్చి సవరణ వెయ్యమని ఆ పత్రికకి రాశాను. చోటు లేదన్నారు. అందుకే ఇక్కడ చెప్పుకుంటున్నాను, ఈసారి నా పూర్తి పేరుతో. ఎప్పుడైనా టీవీలో 'డాక్టర్ చక్రవర్తి' వస్తే, పక్కనున్నవాళ్ళని మా అమ్మ అడిగిన మాటే మీరూ ఓసారి అడిగి చూడండి.