639 ఏళ్ల పాట, మా తాత పెట్టె

జర్మనీలో ఇప్పుడు ఒక పాట నడుస్తోంది. 2001లో మొదలైంది, 2640లో అయిపోతుంది. మీరు సరిగ్గానే చదివారు, మొత్తం 639 ఏళ్లు! 2013 అక్టోబర్‌లో ఒకసారి స్వరం మారితే, మళ్లీ మారింది 2020 సెప్టెంబర్‌లో. మధ్యలో దాదాపు ఏడేళ్లు ఒకటే మోత.

ఆ ఊరి పేరు హాల్బర్‌స్టాట్. పాట మోగేది సెయింట్ బుర్ఖార్డి అనే పాత క్యాథలిక్ చర్చిలో. వందల ఏళ్లు సన్యాసినుల మఠానికి చెందిన చర్చి అది. 1810లో, నెపోలియన్ తమ్ముడు జెరోమ్ అక్కడ రాజుగా ఉన్నప్పుడు మఠం మూతపడింది. ఆ తర్వాత ఆ చర్చి ధాన్యం కొట్టం అయింది, సారా బట్టీ అయింది, చివరికి పందుల దొడ్డి కూడా అయింది.

అక్కడికి ఈ పాట ఎలా వచ్చింది? జాన్ కేజ్ అనే అమెరికన్ సంగీతకారుడు 1987లో ఆర్గాన్ కోసం ఒక రచన చేశాడు. దాని పేరులోనే సూచన ఉంది: 'వీలైనంత నెమ్మదిగా'. ఎంత నెమ్మదిగానో చెప్పకుండానే 1992లో పోయాడు. పియానో మీట నొక్కితే మోత కాసేపటికి తగ్గిపోతుంది. పైపుల ఆర్గాన్ అలా కాదు, గాలి అందినంత సేపూ మోగుతూనే ఉంటుంది. మరి ఎన్నేళ్లు మోగించాలి? అదే ఊరి పెద్ద చర్చిలో 1361లో ఒక పెద్ద ఆర్గాన్ కట్టారు. అక్కడి నుంచి 2000 దాకా 639 ఏళ్లు. వెనక్కి ఎన్నేళ్లో ముందుకీ అన్నేళ్లు అని లెక్క కట్టారు.

రచన మొదట్లోనే విరామం ఉంది. అందుకే తొలి 17 నెలలు తిత్తుల్లో గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. 2003 ఫిబ్రవరి 5న మొదటి స్వరం మోగింది. అక్కడ వాయించే మనిషి ఉండడు. మీటలను ఇసుక సంచులు నొక్కిపట్టి ఉంచుతాయి. స్వరం మారే రోజు మాత్రం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. కొత్త పైపు పెట్టడమో, ఉన్నది తీయడమో చేస్తారు. విరాళం ఇచ్చినవాళ్లు తమకంటూ ఒక సంవత్సరం ఎంచుకుంటే, ఆ ఏడాది పేరిట చర్చిలో ఒక పలక పెడతారు. చాలామంది తాము చూడబోని సంవత్సరానికి డబ్బు కడుతున్నారు. మా టీమ్‌లో రెండు వారాల స్ప్రింట్ దాటి ఎవరం ఆలోచించం. మూడేళ్లు బతికిన యాప్‌ని లెగసీ అంటాం!

దీనికీ మా ఎల్లారెడ్డికీ ఏం సంబంధం అంటారా? ఆర్గాన్‌కి చిన్న చుట్టం మన హార్మోనియం. పైపుల బదులు దీంట్లో ఇత్తడి రీడ్లు ఉంటాయి, గాలి మాత్రం తిత్తిదే. 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో తయారైనప్పుడు కాలితో తొక్కేవాళ్లు. కోల్‌కతాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని చేత్తో ఊదేలా మార్చాడు. అలా నేల మీద కూర్చుని పాడే మన భజనల్లోకి వచ్చేసింది.

మా తాత నలభై ఏళ్లు శనివారం భజనలో ఆ పెట్టె వాయించాడు. తాత పోయాక అది అటక ఎక్కింది. పోయిన ఏడు కామారెడ్డిలో హోటల్ పెడుతున్న ఒకాయన షోకి పెట్టుకుంటానని అడిగాడు, మంచి ధరే చెప్పాడు. బాపు నాకు ఫోన్ చేసి, "ఇగ ఎవలు వాయిస్తరు బిడ్డా, ఇచ్చేద్దామా?" అన్నాడు. భజనకు వచ్చేవాళ్లు అప్పటికే నలుగురు మిగిలారు. అందరూ అరవై దాటినవాళ్లే. మా బ్యాచ్ మొత్తం హైదరాబాద్‌లోనో, దుబాయ్‌లోనో.

హాల్బర్‌స్టాట్ గురించి చదివింది ఆ వారంలోనే. చదువుతుంటే తాత గుర్తొచ్చాడు. ఎవరైనా చరణం మరిచిపోతే తాత ఒక్క మీట మీద వేలుంచి, తిత్తి ఊదుతూ ఆగేవాడు. పాడేవాళ్లకు గుర్తొచ్చేదాకా ఆ స్వరం తెగనిచ్చేవాడు కాదు. అక్కడ ఇసుక సంచి చేసే పనే అది. కాకపోతే ఇసుక సంచి ఎదుటివాళ్ల ముఖం చూడదు. తాత చూసేవాడు.

పెట్టె ఇవ్వొద్దని బాపుకి చెప్పాను. ఇద్దరం దాన్ని కామారెడ్డిలో బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. రెండు రీడ్లు మార్చాడు, గాలి పోతున్న తిత్తికి అతుకు వేశాడు. హోటలాయన చెప్పిన ధర వచ్చుంటే ఇంటి పైకప్పు పని అయిపోయేది. ఆ మాట బాపు ఇప్పటికీ అప్పుడప్పుడు అంటాడు.

నెలకు రెండు శనివారాలు ఊరికి పోతున్నా. యూట్యూబ్ చూసి ఎంత తిప్పలు పడినా నాకు సరిగ్గా వచ్చింది 'స' ఒక్కటే. మొదటి రోజు అదే నొక్కి పట్టుకుని కూర్చున్నా. తాతతో కలిసి పాడిన పెద్దాయన తాళాలు సర్దుకుంటూ అన్నాడు: "అది ఇడువకు మనవడా. మేం అందుకుంటం."