బాపుకు నిద్రపట్టని రాత్రి

అమ్మ పోయినప్పటి నుంచి బాపుకు రాత్రుళ్ళు నిద్ర లేదు. మొన్న సెలవు పెట్టి సిరొంచ వెళ్ళాను. కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన దాటితే మన ఊరే కదా. ఆ రాత్రి రెండింటికి చూస్తే వాకిట్లో మంచం మీద లేచి కూర్చున్నాడు. "నిద్ర వడ్తలేదురా" అన్నాడు.

నాకు తోచింది ఒక్కటే. నైట్ షిఫ్టులో టెస్టింగ్ చేస్తూ నేను వినే గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్. రెండు వరుసల మెట్లున్న హార్ప్సికార్డ్ కోసం బాఖ్ రాసి, 1741లో అచ్చు వేయించిన సంగీతం. నిద్రపట్టని ఒక ప్రభువుకు గోల్డ్‌బెర్గ్ అనే కుర్రాడు రాత్రిళ్ళు దీన్ని వాయించి వినిపించేవాడట. ఈ కథ ఫోర్కెల్ 1802లో రాశాడు. అచ్చయిన పుస్తకం ముఖపత్రం మీద ఆ ప్రభువు పేరే లేదు, గోల్డ్‌బెర్గ్‌కేమో అప్పటికి పద్నాలుగేళ్ళు. నాకు పెద్దగా నమ్మకం లేదు గానీ ఆ రాత్రికి నమ్మాలనిపించింది.

ఫోన్లో గ్లెన్ గౌల్డ్ 1981లో పియానో మీద వాయించింది పెట్టాను. (ఆయన పోయింది 1982లో, మన గడ్చిరోలి జిల్లా పుట్టిన ఏడాదే.)

మొదటి పాట, ఆరియా, నిదానంగా నడిచింది. "మంచిగుంది" అన్నాడు బాపు. తర్వాతది గెంతుతూ రాగానే, "ఆ పాట యాడికి వోయింది? గిది వేరే గదా?"

నేనూ మొదట్లో అక్కడే తప్పిపోయాను. త్యాగరాజ కృతిలో సంగతులు వేసినా అసలు వరస చెవికి తెలుస్తూనే ఉంటుంది. ఇక్కడ పై వరస ఆరియాతోనే పోతుంది. మిగిలేది ఎడమ చేతి కింది స్వరాల నడక, 32 బార్ల లెక్క. 30 వేరియేషన్లూ దాని మీదే కట్టాడు. "బాపూ, పైన వినకు, కింద విను" అన్నాను. నా చదువంతా మరాఠీ మీడియం, తెలుగు అక్షరాలు కూడా మరాఠీ మీదుగా నేర్చుకున్నవే. ఇవన్నీ తెలుగులో విప్పి చెప్పడం ఎంత కష్టమో ఆ రాత్రే తెలిసింది.

30వది తప్ప ప్రతి మూడో వేరియేషన్‌లో ఒక గొంతు వరస ఎత్తుకుంటే రెండోది వెనకే అదే అందుకుంటుంది. "భజనల ముందటోడు అనంగనే ఎనుకటోళ్ళు అందుకున్నట్టు" అన్నాడు బాపు. దాదాపు అంతే, కాకపోతే ఇక్కడ ముందటోడు ఆగడు. మంచం పట్టె మీద వేలితో కొడుతూ బాపు కింది స్వరాలు పట్టుకోవడం మొదలుపెట్టాడు. 25వది, దిగులుగా సాగేది, వచ్చినప్పుడు వేలు ఆగిపోయింది. నేనూ ఫోను వైపే చూస్తూ కూర్చున్నా.

30వదానిలో బాఖ్ రెండు జానపదాలు కలిపేశాడు. ఇన్నాళ్ళూ నీకు దూరంగా ఉన్నానని ఒకటి. క్యాబేజీ, టర్నిప్‌లు తినలేక ఇల్లు విడిచానని, అమ్మ మాంసం వండి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాణ్ణని రెండోది. అది చెప్పగానే బాపు పకపకా నవ్వాడు. "మీ అమ్మ సొరకాయ కూర తిననని నువ్వు అలిగి వోలేదా?"

చివర మళ్ళీ ఆరియా వచ్చింది. "గిది మొదటిదే గదా?"

"అదే. ఒక్క స్వరం కూడా మార్చి రాయలేదు."

"మరి మొదట విన్నట్టు లేదేందిరా?"

నిద్ర మాత్రం ఇద్దరికీ రాలేదు. 51 నిమిషాలు అయ్యాక బాపు లేచి చాయ్ పెట్టడానికి లోపలికి పోయాడు. చక్కెర డబ్బా ఎక్కడుందని నన్నడిగాడు.