రంగం కర్ర

మొక్కు మా మేనత్తది, దారి మళ్ళించింది నేను. మధుర మీనాక్షినీ రామేశ్వరాన్నీ చూసుకుని నేరుగా శ్రీకాకుళం రైలెక్కాలన్నది ఆవిడ లెక్క. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, రామేశ్వరంలో ఇరవై రెండు బావుల నీళ్ళూ నెత్తిన పోయించుకుని గజగజా వణుకుతుంటే, "రెండ్రోజులు ఎక్కడైనా నడుం వాల్చి పోదాం అత్తా" అని చెట్టినాడు వైపు కారు తిప్పించాను. మధుర, రామేశ్వరాల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గుళ్ళున్నాయి, క్యూలున్నాయి, రెండూ పొడుగే.

చెట్టినాడంటే కారైక్కుడి చుట్టూ శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో పరుచుకున్న డెబ్బై పైచిలుకు పల్లెలు. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, వానొస్తే నిండే చెరువులు. ఇలాంటి నేలలో మేకల మంద కనిపిస్తుందనుకుంటాం. కారు మలుపు తిరిగితే వీధి వీధంతా మేడలే. ఒక్కోటి ఈ వీధిలో మొదలై వెనక వీధిలో తేలుతుంది. గుమ్మాల మీద గచ్చుతో మలిచిన గజలక్ష్ములు, తలుపులకు అరచేతంత తాళాలు. మధ్యాహ్నం మూడింటికి మనిషి అలికిడి లేదు. ఒక కాకి మాత్రం మమ్మల్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా సాగనంపింది.

"ఒరే, ఈల్లందరూ ఏటైపోనారు?" అంది అత్త.

చెన్నైలో ఉన్నారు, సింగపూర్‌లో ఉన్నారు, మలేషియాలో ఉన్నారు. పెళ్ళికో శ్రాద్ధానికో వచ్చి తాళం తీస్తారు. ఇంటికి వాటాదార్లు పదులకొద్దీ ఉంటారు, అమ్మాలన్నా బాగుచేయాలన్నా అందరి మాటా కలవాలి. కలిసినచోట కొన్ని హోటళ్ళయ్యాయి. కలవనిచోట పైకప్పులు దిగబడుతున్నాయి.

మేం దిగింది మాట కలిసిన మేడలో. దాని పేరు చెప్పను, ఎందుకంటే వాళ్ళ వేణ్ణీళ్ళ గురించి చెప్పాలి. రాత్రికి వాళ్ళు పుచ్చుకున్న అద్దెకి మా ఊళ్ళో ఒక నెల ఇల్లు దొరుకుతుంది. స్నానాల గదిలో కుళాయి తిప్పితే ఆవులించినట్టు శబ్దం వస్తుంది, తర్వాత చన్నీళ్ళొస్తాయి. రెండోరోజు పొద్దున బకెట్టుతో వేణ్ణీళ్ళు మోసుకొచ్చిన కుర్రాడు మాత్రం బంగారం. దోమల సంగతి వదిలేస్తున్నాను, అవి అద్దె లేకుండా ఉంటున్నాయి.

కానీ ఆ ఇల్లు! గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవాళ్ళు దాన్నే మూడుసార్లు ఒకదాని వెనక ఒకటి పేర్చుకోండి. ముందు వీధరుగు. వాళ్ళు తిణ్ణై అంటారు, మన తిన్నె. అక్కడ మగవాళ్ళ వడ్డీ లెక్కలు. లోపల మొదటి మండువా చుట్టూ చిన్న చిన్న గదులు, పెళ్ళయిన ఒక్కో కొడుక్కి ఒక్కోటి. ఆ పైన భోజనాలు, ఆఖర్న ఆడవాళ్ళ వంటిళ్ళు. గోడ మీద చెయ్యి వేస్తే గుడ్డు పెంకులా జారిపోతుంది. సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన కలిపి పూత మీద పూత వేసి రుద్దారట. అంత ఇల్లు చూసి అత్త అన్నది ఒక్కటే: "ఊడ్సలేక సచ్చుంటారు ఆడోల్లు."

అరుగు మీద వరసగా టేకు స్తంభాలు. అత్త ఒకదాన్ని రెండు చేతులా కావలించుకుంది. వేళ్ళు కలవలేదు. కాపలా ఉన్న పెద్దాయన నవ్వి "బర్మా తేక్కు, అమ్మా" అన్నాడు. అత్త చేతులు వదల్లేదు. "రంగం కర్రరా" అంది నాతో.

రంగం అంటే రంగూన్. మా వైపు ముసలివాళ్ళెవరూ రంగూన్ అనరు. కాకినాడ నుంచీ విశాఖ నుంచీ స్టీమర్లెక్కి వేలమంది రంగం పోయారు. మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా రేవులో మూటలు మోశారు, మిల్లుల్లో ధాన్యం ఎత్తారు, కలప అడితీల్లో దుంగలు దొర్లించారు. అత్త వాళ్ళ తాత, అంటే మా ముత్తాత, వాళ్ళలో ఒకడు. "తాత కుడిబుజం మీద నిమ్మకాయంత కాయుండేదిరా. సిన్నప్పుడు దాన్ని నొక్కి ఆడుకునేవోల్లం. నొప్పెట్టదేటి తాతా అంటే, అది నాది కాదర్రా, రంగపోడిది అనీవోడు."

ఈ కథ నాకు ముక్కలుగా తెలుసు. భుజం సంగతి తెలీదు.

స్టీమరు ఒక్కటే అయినా ఎక్కినవాళ్ళ పని వేరు. ఈ మేడలు కట్టించిన చెట్టియార్లు బర్మాకి వడ్డీ వ్యాపారానికి వెళ్ళారు. దిగువ బర్మాలో అడవి కొట్టి వరిపొలం చేసుకున్న రైతుకి పెట్టుబడి వీళ్ళదే. ఇంగ్లీషు బ్యాంకులు ఆ రైతు గడప తొక్కలేదు. అక్కడి లాభం ఇక్కడ మేడలైంది. ఈ ఇళ్ళలో చాలావాటి వయసు పంతొమ్మిదో శతాబ్దం చివరికీ 1930లకీ మధ్య. 1930లో ధాన్యం ధర పడిపోయింది, అప్పులు తీరలేదు, తాకట్టు పొలాలు వీళ్ళ చేతికొచ్చాయి. ఆ దశాబ్దం ముగిసేలోగా దిగువ బర్మా ముఖ్యమైన వరి జిల్లాల్లో దాదాపు నాలుగోవంతు భూమి చెట్టియార్లదే. దానికి బర్మావాళ్ళ కోపం ఎంతుండాలో అంతా ఉంది. ఆ కోపం ముందుగా తగిలింది మాత్రం భూమి లేనివాళ్ళకి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నారు, సమ్మె తీరగానే ఆ బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఊరు రణరంగమైంది. ముత్తాత తిరిగొచ్చింది ఆ ఏడే. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక మిగిలినవాళ్ళలో ఎందరో అడవులకు అడ్డంపడి నడిచొచ్చారు. స్వతంత్ర బర్మా ఆ భూముల్ని తీసేసుకుంది. చెట్టియార్లకి మేడలు మిగిలాయి.

"ఇది తాత మోసిందే అయుంటాదిరా" అంది అత్త. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

మర్నాడు ఆత్తంగుడి వెళ్ళాం, గచ్చుబిళ్ళలు చేసేచోటికి. కాల్చడం లేదు, కొలిమి లేదు. గాజుపలక మీద ఇనుప చట్రం పెట్టి, గడుల్లో రంగు కలిపిన సిమెంటు గరిటెతో పోస్తారు. చట్రం తీస్తే పువ్వు నిలబడుతుంది. దాని వెనక ఇసుకా సిమెంటూ మెత్తి, గట్టిపడ్డాక కొన్ని రోజులు నీళ్ళలో నానేస్తారు. ఆ నునుపు గాజుది. గరిటె తిప్పే కుర్రాడి చెయ్యి చూస్తూ గంటసేపు నిలబడ్డాను. అత్తకి ముందురాత్రే వాటి విలువ తెలిసిపోయింది. ఎత్తు మంచం మీద నిద్రపట్టక, కింద చాప వేసుకుని ఆ బిళ్ళల చల్లదనానికి హాయిగా గుర్రుపెట్టింది. పిళ్ళైయార్‌పట్టి వినాయకుణ్ణీ తిరుమయం కోటనీ ఆ పూటే చూశాం.

భోజనం గురించి తొందరపడను. అరిటాకు వేసి, వంటామె ఒక్కోటీ దానికి కేటాయించిన మూలనే వడ్డించింది. మొక్కు యాత్ర కాబట్టి అత్త నీచు ముట్టదు, ఆవిడ ఎదురుగా నేనొక్కణ్ణీ కోడి తిన్నాను. సిగ్గుపడుతూనే రెండోసారి వేయించుకున్నాను. మన హోటళ్ళలో చెట్టినాడు చికెన్ పేరుతో పెట్టే ఎర్రటి కారపు ముద్దకీ దీనికీ చుట్టరికం లేదు. మిరియం ముందు, సోంపు వెనక, అనాసపువ్వూ రాతిపువ్వూ ఎక్కడో అడుగున. సాయంత్రం తెల్లటి పణియారాలు. గుంటలవి కూడా చేస్తారు, అచ్చం మన గుంటపొంగనాలే. వంటామె అరవంలో చెప్తుంది, అత్త సిక్కోలు తెలుగులో అడుగుతుంది, ఇద్దరికీ దుబాసీ అక్కర్లేకపోయింది.

ఆఖర్న చిన్న గిన్నెలో నల్లగా, జిగురుగా, పంచదారా కొబ్బరీ కలిపింది పెట్టింది. కవుని అరిసి. ఈ నల్లబియ్యం బర్మా నుంచే వచ్చిందంటారు, పెళ్ళిళ్ళలో తప్పనిసరి. అత్త రెండు చెంచాలు తిని గిన్నె కిందపెట్టింది.

"బియ్యం కూడా తెచ్చుకున్నార్రా ఈల్లు. తాత జొరం తెచ్చాడు."

తర్వాత ఆ గిన్నె ఖాళీ చేసింది, మళ్ళీ అడిగి పెట్టించుకుంది. అది కూడా రాయాలి.

బయల్దేరే రోజు కారైక్కుడిలో పాత సామాన్లమ్మే వీధి చూశాం. విప్పేసిన మేడలన్నీ అక్కడికే చేరతాయి. పింగాణీ పూత పూసిన క్యారియర్లు, లక్క పూసిన బర్మా డబ్బాలు, ఎవరివో పెళ్ళి ఫోటోలు. ఫోటోలు ఎవరు కొంటారని అడిగాను. చట్రాల కోసం కొంటారట. దుకాణం వెనక ఖాళీ జాగాలో స్తంభాలు పడుకుని ఉన్నాయి, పది పన్నెండు, వాన తగలకుండా మీద నీలం పట్టా కప్పి. అత్త వంగి ఒకదాని మీద చెయ్యి పెట్టింది.

"దీన్ని మోయడానికి ఎంతమంది కావాలో అడగరా."

అడిగాను. కొట్టతను మమ్మల్ని కింద నుంచి పైదాకా చూసి, బేరం కుదిరేలా ఉందనుకున్నట్టున్నాడు. ఎనిమిది మంది కావాలన్నాడు. లారీ తనే మాట్లాడతాడట. కూలి మాత్రం మాదేనట.