కాకినాడ ఒడ్డున అమెరికా సైనికులు

పొద్దున పుత్తూరు స్టేషన్ దగ్గర టీ తాగుతున్నా. చేతికి కట్టు కట్టించుకొచ్చిన ఒక పెద్దాయన ఫోన్‌లో పాత వీడియో చూపించాడు. కాకినాడ బీచ్‌లో దిగుతున్న అమెరికా సైనికులు.

"వీళ్లకి మన ఒడ్డున ఏం పని నాయనా?"

టైగర్ ట్రయంఫ్ అని చెప్పినా. 2019లో మొదలైంది, 2025 ఏప్రిల్‌లోనూ విశాఖ, కాకినాడల్లోనే చేశారు. విపత్తులొస్తే రెండు దేశాల సైన్యాలు కలిసి సాయం చేసే సాధన.

"తుపాను సాయానికి తుపాకులెందుకబ్బా?"

నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మాత్రం వదల్లేదు.

1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతుంటే ఇదే అమెరికా మనల్ని బెదిరించడానికి ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకను బంగాళాఖాతానికి పంపింది.
2007లో అదే సముద్రంలో అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్‌లతో మన నౌకాదళం మలబార్ విన్యాసాలు చేస్తే, వామపక్షాలు విశాఖ దాకా జాతా తీశాయి.
2020లో విశాఖ దగ్గరే మళ్లీ మలబార్. అంత గొడవేం లేదు.

హిందూ మహాసముద్రంలో చైనా నౌకలు తిరుగుతుంటే మనకూ తోడు కావాల్సిందే, కాదనను. కానీ అమెరికాతో 2016లో చేసుకున్న ఒప్పందంతో ఆ దేశ నౌకలు మన రేవుల్లో ఇంధనం నింపుకోవచ్చని ఎంతమందికి తెలుసు? ఇవన్నీ జనానికి తెలుగులో విడమరిచి చెప్పాలి.

విశాఖ, కాకినాడ మిత్రులారా, అక్కడ జనం ఏమనుకుంటున్నారు? కామెంట్లలో చెప్పండి.